ఆరు దాటాక ఊరెవరిది?

పని మీద కొత్త ఊరు వెళ్లినవాళ్లు, పనయ్యాక ఆ ఊరు చూడొచ్చా? టూర్లు తిరిగే సర్వీస్ ఇంజనీరుకీ, ఆ టూర్ల బిల్లులు పాస్ చేసే అకౌంట్స్ మేడంకీ మధ్య వాదన ఇది. (నేను ఇంజనీరు వైపే. కానీ మేడం దగ్గర సరుకుంది.)

మేడం: కంపెనీ మీకు టికెట్ కొన్నది మిషను బాగుచేయడానికి, మ్యూజియం చూడడానికి కాదు.

ఇంజనీరు: మిషను ఆరింటికే బాగైపోయింది మేడం. ఆ తర్వాత గదిలో కూర్చుని గోడలు చూస్తే ఉద్యోగ ధర్మం, వీధిలోకెళ్లి గోపురం చూస్తే తప్పూనా?

మేడం: మర్నాడు క్లయింటు ముందు ఆవలిస్తే ఆ ఆవలింత ఏ ఖాతాలో రాయమంటారు?

ఇంజనీరు: విమానం ఖాతాలో. నాలుగైదు టైమ్ జోన్లు దాటితే ఒంట్లో గడియారం ఇంకా పాత ఊరి టైమే చూపిస్తుంది. సుమారుగా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. దాన్ని తిప్పేది ముఖ్యంగా కంట్లో పడే వెలుతురే. కర్టెన్లు వేసుకుని పడుకుంటే అది కదలదు.

మేడం: వేళ కాని వేళ వెలుతురు పడితే అదే గడియారం వెనక్కీ తిరుగుతుంది. మీ షికార్లేమో రాత్రిపూట! పైగా ఆ వేళప్పుడు ఏం తెరిచి ఉంటుంది? చాలా ఊళ్లలో మ్యూజియాలకి సోమవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం, తాజ్‌మహల్‌కి శుక్రవారం. అన్నీ మీ పనిరోజులే. గేటు ముందు ఫొటో దిగి రావడానికి అంత ప్రయాసెందుకు?

ఇంజనీరు: అందుకే బయల్దేరే ముందు సెలవులు చూసుకోవాలి. అదే లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి దాకా తెరిచే ఉంటుంది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా. అయినా ఊరంటే టికెట్ పెట్టి చూసేదేనా? పొద్దున ఆరింటికి లేచి మార్కెట్లో బుట్టలు దిగే వేళ ఓ చుట్టు నడవండి. ఏదో ఒక సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి, అదే బస్సులో వెనక్కి రండి. ఎవరు ఏ స్టాపులో ఎక్కుతున్నారో చూస్తే చాలు, ఫ్యాక్టరీలు ఎటున్నాయో, డబ్బున్నవాళ్లు ఎటున్నారో తెలిసిపోతుంది. తప్పక చూడాల్సిన పది స్థలాలంటూ పరిగెత్తేవాళ్లంటే నాకూ చిరాకే. ఒక ట్రిప్పుకి ఒక్క చోటు, అదీ హోటల్‌కి దగ్గర్లో.

మేడం: బాగానే ఉంది. దెబ్బ తగిలితే? ఆస్ట్రేలియాలో ఒక ప్రభుత్వ ఉద్యోగిని ఆఫీసు పని మీద వేరే ఊరెళ్లి మోటెల్‌లో దిగింది. రాత్రి సొంత వ్యవహారంలో ఉండగా గోడ లైటు ఊడి ముఖానికి తగిలింది. పరిహారం కోసం చివరిదాకా కొట్లాడింది. 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కుదరదంది. యజమాని ఆ చోట ఉండమన్నంత మాత్రాన, అక్కడ చేసే ప్రతి పనికీ బాధ్యత ఉండదని తీర్పు.

ఇంజనీరు: చూశారా, ఆ తీర్పు నాకే పనికొస్తుంది! దెబ్బ తగిలినప్పుడు ఆ సమయం నా సొంతమైతే, కోట చూసేటప్పుడు కంపెనీది ఎలా అవుతుంది?

(ఇక్కడ మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఓటమి అని నేననుకోను.)

మేడం: సరే, సొంత సమయమే. అయితే ఖర్చు సొంతం, ఇన్సూరెన్స్ సొంతం. ల్యాప్‌టాప్ వీపున వేసుకుని తిరగొద్దు, అందులో క్లయింటు వివరాలున్నాయి. ఎటు వెళ్తున్నారో ఎవరికైనా చెప్పి వెళ్లండి. ఫోను ఆపొద్దు.

ఇంజనీరు: అన్నిటికీ ఒప్పుకున్నా.

మేడం: ఇంకో మాట. పోయిన నెల బిల్లులో ఆదివారం క్యాబ్ ఒకటుంది, ఎదురుగా 'సైట్ విజిట్' అని రాశారు. ఏ సైటండీ అది?