సీమలో చిత్త, స్వాతి వానలు: సూచన ఒకటే, లెక్కలు రెండు

ఉత్తర కార్తెలోనూ చినుకు పడకపోతే ఇక సేద్యం మీద ఆశ వదులుకోవాల్సిందేనని "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు. వాన రాకపోతే ఏం చేయాలో ఆ సామెత చెబుతుంది. వస్తే ఏం చేయాలన్నదే అక్టోబరు, నవంబరు నెలల్లో సీమ రైతును తికమక పెట్టే సంగతి. ఎర్రనేలల్లో శనక్కాయ పీకుడుకు వచ్చి ఉంటుంది, నాలుగైదు రోజులు తెరిపి కావాలి. అదే మండలంలో నల్లరేగడి రైతు గొర్రు సిద్ధం చేసుకుని పప్పుశనగ విత్తడానికి కావాల్సిన నేల తడి, అంటే పదును కోసం మబ్బుకేసి చూస్తుంటాడు. "రానున్న రెండు వారాల్లో రాయలసీమలో సాధారణం కంటే ఎక్కువ వర్షపాతం" అన్న కబురు ఒకరికి తీపి, ఇంకొకరికి చేదు. దాన్ని ఏ పంట గట్టున నిలబడి చదువుతున్నామన్నదే అసలు లెక్క.

ముందు "రాయలసీమ" అనే మాట సంగతి. వాతావరణ శాఖ పద్దులో ఇదంతా ఒకే ఉపవిభాగం. ఆదోని, రాయదుర్గం మొదలుకొని రాజంపేట, కోడూరు దాకా అందులోనే. పడమటి కనుమల చాటున ఉన్నందుకే అనంతపురంలో ఏడాది మొత్తం వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈశాన్య రుతుపవనాల తేమ బంగాళాఖాతం నుంచి వస్తుంది. వెలికొండలు, పాలకొండలు, శేషాచలం దాటేలోపే చాలావరకు తూర్పు పక్కన కురిసిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉమ్మడి కడప జిల్లా సగటు 250 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే ఉమ్మడి అనంతపురానికి 150 దక్కడమే గగనం.

అల్పపీడనం ఎటు కదులుతుందన్నది అందుకే ముఖ్యం. 2020 నవంబరులో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది, తడిసి ముద్దయిన వాటిలో కడప జిల్లా ఉంది. తుపాను కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది. ఆ తేమ కొండలకు తగిలి కుమ్మరిస్తుంది. అదే తుపాను కళింగపట్నం వైపు వెళ్లిపోతే మనకు మిగిలేది నేల మీది నుంచి వచ్చే పొడిగాలి. అల్పపీడనం పుట్టిందన్న వార్తకే పీకుడు ఆపేసేవాళ్లు ఆ వార్తలో రెండో వాక్యం కూడా చదవాలి.

బులెటిన్ మాటలకు కొలతలున్నాయి. "ఒకటి లేదా రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి వాన ఉండదని. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. తేలికపాటి వాన 15.5 మిల్లీమీటర్లతో ముగుస్తుంది, మోస్తరు 64.4 దాకా పోతుంది, ఆ పైది భారీ, 115.6 నుంచి అతిభారీ. వీటిలో చిక్కంతా "మోస్తరు"తోనే. 16 మిల్లీమీటర్లు పడినా అదే మాట, 60 పడినా అదే మాట. మొదటిదానికి ఎర్రనేల మెత్తబడి చెట్టు కాయతో సహా లేచొస్తుంది. రెండోదానికి పీకిన చెట్టు నీళ్లలో తేలుతుంది.

వాతావరణ శాఖ ప్రతి గురువారం కొన్ని వారాల ముందస్తు అంచనా ఇస్తుంది. ఇందులో కాలు జారే చోటు "సాధారణం" అన్న పదం. అక్టోబరు మొదట్లో అనంతపురంలో వారానికి సాధారణమే ఓ మంచి వాన. నవంబరు చివరికి అది కొద్ది మిల్లీమీటర్లకు పడిపోతుంది. అప్పుడు "సాధారణం కంటే 60 శాతం ఎక్కువ" అన్నా దుమ్ము అణిగే జల్లే కావచ్చు. శాతాన్ని వదిలేసి మిల్లీమీటర్లు అడగాలి. రెండు మూడు వారాల ముందే కాస్తో కూస్తో చెప్పగలగడానికి ఆధారం మ్యాడెన్ జూలియన్ ఆసిలేషన్ అనే మేఘాల అల. 30 నుంచి 60 రోజుల్లో భూమధ్యరేఖ వెంట చుట్టు తిరిగే ఈ అల హిందూ మహాసముద్రం మీదికి వచ్చినప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనాలకు ఊతం దొరుకుతుంది. అది చెప్పేది వారం తడిగా ఉండొచ్చనే. మంగళవారం పత్తికొండలో వాన పడుతుందా అంటే దానికి జవాబు లేదు.

వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల మ్యాపుల గురించి ఒక్కమాట. పన్నెండో రోజున తుపాను చూపించే మ్యాపు ఒకే ఒక్క కంప్యూటర్ లెక్క. ఆరు గంటల తర్వాతి లెక్కలో ఆ తుపాను ఒడిశాకు పోయి ఉంటుంది, లేదా మాయమై ఉంటుంది. దాన్ని చూసి కూలీలను రద్దు చేసుకోవడం దండగ.

పసిఫిక్ మహాసముద్రం నీళ్లు వేడెక్కితే ఎల్‌నినో, చల్లబడితే లానినా. వాటి లెక్క ఇంకా మోటుది. ఎల్‌నినో ఏడాదుల్లో ఈశాన్య రుతుపవనాలు బాగుంటాయని, లానినాలో తగ్గుతాయని పాత అనుభవం. కానీ 2021 లానినా సంవత్సరమే. ఆ ఏడు నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, రాజంపేట మండలం ఊళ్లు కొట్టుకుపోయాయి. 2009లో దేశమంతా కరువు. ఆ సీజన్ ముగిసీ ముగియగానే అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. మూడు నెలల సగటు ఏ ఒక్క వారానికీ పూచీ పడదు.

ఇక పొలానికొద్దాం. కె-6 లాంటి గుత్తి రకం శనక్కాయకు 105 నుంచి 110 రోజులు. జూలైలో విత్తింది అక్టోబరు చివరికి ముదురుతుంది. ఈ రకాల గింజకు నిద్రావస్థ దాదాపు ఉండదు. ముదిరిన కాయ మీద ముసురు నాలుగు రోజులు పట్టిందంటే నేలలోనే మొలకెత్తుతుంది. అందుకే తేదీ కన్నా కాయను నమ్మాలి. నాలుగు మూలల నుంచీ చెట్లు పీకి కాయలు వలిస్తే, డొల్ల లోపలి వైపు నల్లబడినవి నూటికి 75 దాటాయంటే ఆగడం దేనికి? పీకడానికి ఒక రోజు, కాయ పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టడానికి మూడు రోజులు, నూర్పిడికి ఒక రోజు. మొత్తం ఐదు రోజుల తెరిపి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఐదు రోజుల జిల్లా సూచన సరిగ్గా ఈ పనికి సరిపోతుంది. ఐదింటిలో ఒకరోజు "ఒకటి రెండు చోట్ల తేలికపాటి" అని ఉంటే సగం పీకి సగం వదలడం తెలివైన పని. పీకకుండా ఉన్న చెట్టు ఒక జల్లును తట్టుకుంటుంది. పీకి పడేసింది తట్టుకోదు. కాయ తీసేశాక మేతకు మిగిలే కట్టె నల్లబడితే పశువు ముట్టదు, వామి వేసినా లోపల బూజు పడుతుంది. కాయలో తేమ 9 శాతానికి దిగకుండా సంచికెత్తితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టించే బూజుకు దారి తెరిచినట్టే. కాయ ఊపితే గింజ గలగలలాడాలి.

పప్పుశనగకు ఇదంతా తలకిందులు. అది పైవాన మీద బతికే పంట కాదు, రేగడిలో నిలిచిన పదును మీద పండేది. ఎండిన రేగడిలో 25 మిల్లీమీటర్లు పడితే తడి జానెడు దిగడం కూడా కష్టమే. పైన తడి చూసి విత్తితే మొలక వచ్చి జనవరిలో వాడుతుంది. పలుగు దింపి అడుగున్నర లోతున మట్టి ఉండ కడుతుందో లేదో చూడటం ఏ యాప్ కన్నా నమ్మకం. విత్తిన రెండు మూడు రోజుల్లో భారీ వాన పడితే పైన అట్టు కడుతుంది, గింజ కుళ్లుతుంది. ఎకరాకు 25 నుంచి 30 కిలోల జేజీ-11 రకం విత్తనం మట్టిపాలు. కాబట్టి తడి వారం మొదట్లో కాకుండా దాని తోక పట్టుకుని విత్తాలి. కిలో విత్తనానికి కుళ్లును అడ్డుకునే ట్రైకోడెర్మా శిలీంధ్రం పొడి 10 గ్రాములు పట్టించడం ఎప్పుడైనా మంచిదే, ముందు ముసురు సూచన ఉంటే తప్పనిసరి. నవంబరు మధ్యకు వచ్చేసరికి లెక్క మళ్లీ మారుతుంది. గురువారం అంచనా పొడిగా ఉంటే ఇంకో వాన కోసం ఆగకూడదు, ఉన్న పదును అందేలా మూడు అంగుళాల లోతున వేసేయాలి. ఆలస్యమైన పైరుకు పూత, కాయ దశలో ఫిబ్రవరి ఎండ తగులుతుంది.

కర్నూలు ఉల్లి రైతుకు గడ్డ పీకాక మూడు నాలుగు రోజుల ఎండ చాలు, లేకుంటే యార్డుకు చేరేలోపే మెడ కుళ్లు మొదలు. పత్తికి సీసీఐ (భారత పత్తి సంస్థ) తేమ హద్దు 12 శాతం, 8 దాటిన ప్రతి శాతానికీ ధరలో కోత. పగిలిన కాయను వానకు ముందే ఏరడం ఆ కోత తప్పించుకోవడానికే.

సర్కారు చేయగలిగిన పని ఒకటుంది. మండలాల్లో ఆటోమేటిక్ వర్షమాపకాలు ఉన్నాయి. ఉదయం 8.30తో ముగిసే 24 గంటల లెక్క వాటినుంచి వస్తుంది, అంటే నిన్న సాయంత్రం ఉరుముల వాన ఈరోజు తేదీ కింద నమోదవుతుంది. ఈ సంగతి తెలియక రైతులు "మా ఊళ్లో పడిన వాన లెక్కలో లేదు" అని గొడవపడుతుంటారు. ఆ అంకెలు ఉదయం తొమ్మిదికల్లా రైతు సేవా కేంద్రం పలక మీద, పక్కనే పప్పుశనగకు ఇంకా ఎంత తడి కావాలో, శనక్కాయకు ఎన్ని రోజుల తెరిపి మిగిలిందో సుద్దముక్కతో రాసిపెడితే కొత్త యాప్ అక్కర్లేదు.