వేషంతో పాటు వాద్యమూ మారింది
1960ల నాటి రాక్ సంగీత బృందం ద మంక్స్ (‘సన్యాసులు’) సభ్యులు క్రైస్తవ సన్యాసుల్లా నడినెత్తి గొరిగించుకొని, నల్లని అంగీలు తొడిగి, టైకి బదులు మెడలో తాడు కట్టుకోవడం కేవలం ప్రచారపుటెత్తుగడ అని, ఆ బృందంపై మీరు ప్రచురించిన వ్యాసంలో వ్యాసకర్త అన్న మాటతో నేను ఏకీభవించలేను. పశ్చిమ జర్మనీలోని అమెరికన్ సైనిక స్థావరంలో కలిసిన ఆ ఐదుగురు సైనికులు, అంతకుముందు వాయించిన మామూలు బీట్ పాటల (ఆనాటి గిటార్ పాప్ పాటల) పద్ధతిని వదిలి, సంగీతాన్నీ ఆ వేషమంత కఠినంగా మలచుకున్నారు. బృంద సభ్యుడు డేవ్ డే రిథమ్ గిటార్‌ను పక్కనపెట్టి విద్యుత్ బాంజో అనే తంత్రీవాద్యాన్ని తాళవాద్యంలా మోగించిన తీరు ఒక్కసారి శ్రద్ధగా వినండి. 1966 నాటి వారి ఏకైక స్టూడియో ఆల్బమ్‌లో వియత్నాం యుద్ధంపై మాజీ సైనికుల నోట వెలువడిన ఆగ్రహం ఎత్తుగడ కానే కాదు. 1967లో విడిపోయిన వీరు 1999లో న్యూయార్క్‌లో మళ్లీ వేదికనెక్కారు. ఆ సంగతినీ వ్యాసంలో చేర్చవలసింది.