సవరణ: దుమ్ము, ఈజీఎఫ్ఆర్, లంగ్ క్యాన్సర్

సిగరెట్ ముట్టనివాళ్లకు లంగ్ క్యాన్సర్ ఎందుకొస్తుందో చెబుతూ, గాలిలోని పీఎం 2.5 అనే అతి సన్నని దుమ్ము ఈజీఎఫ్ఆర్ జన్యువును మార్చేసి క్యాన్సర్ తెప్పిస్తుందని పోయిన పోస్టులో రాశాను. తప్పు రాశాను, వార్త చదివి అసలు పేపర్ చూడకపోవడం వల్ల.

లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2023లో నేచర్ అనే సైన్స్ పత్రికలో చెప్పింది దాదాపు తలకిందులు. జన్యువులో మార్పు (మ్యుటేషన్) ముందే ఉంటుంది. 295 మంది నుంచి తీసిన, చూడ్డానికి మామూలుగానే ఉన్న ఊపిరితిత్తుల కణజాలం పరీక్షిస్తే 18 శాతం నమూనాల్లో ఈజీఎఫ్ఆర్, 53 శాతంలో కేరాస్ అనే మరో జన్యువు మ్యుటేషన్లు కనిపించాయి. ఈజీఎఫ్ఆర్ జన్యువు తయారుచేసేది కణం పొర మీది రిసెప్టర్, అంటే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్. బయటి నుంచి గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి అంటుకుంటేనే రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల వరుసలో లోపలికి 'విభజన మొదలుపెట్టు' అని కబురు పంపాలి, మ్యుటేషన్ ఉంటే ఎవరూ తలుపు తట్టకుండానే పంపుతూ ఉంటుంది. అయినా అలాంటి చాలా కణాలు ఏళ్ల తరబడి ఊరికే పడుంటాయి. దుమ్ము చేరినప్పుడు మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు తెచ్చే ప్రోటీన్‌ను వదులుతాయి, ఆ వాపు సంకేతమే గాలితిత్తుల్లోని మ్యుటేషన్ ఉన్న ఏటీ2 అనే రకం కణాలను మూలకణాల్లాంటి స్థితికి నెట్టి కణితి వైపు తీసుకెళ్తుంది. నాకు ఆసక్తిగా అనిపించింది ఈ ముక్కే.

అలాగే అదే పేపర్‌లోని, ఎలుకల్లో ఈ ఇంటర్‌ల్యూకిన్‌ను అడ్డుకుంటే కణితులు తగ్గాయన్న మాటను కొందరు 'మందు వచ్చేసింది' అని చదువుకున్నారు. రాలేదు. ఆ ఇంటర్‌ల్యూకిన్‌నే అడ్డుకునే కెనాకినుమాబ్ అనే మందును, క్యాన్సర్ వచ్చేశాక, మనుషుల మీద పరీక్షించిన పెద్ద ట్రయల్స్ ఆశించిన ఫలితం ఇవ్వలేదు. పాత పోస్టులో, దుమ్ము జన్యువును మార్చేస్తుందన్న పేరా మార్చాను.