బల్లారట్ హక్కు ఎవరి హక్కు?

1854 డిసెంబరు 3 తెల్లవారుజామున, ఆస్ట్రేలియాలోని బల్లారట్‌లో దుంగలు పేర్చి కట్టుకున్న యురేకా దడి మీద సైనికులు, పోలీసులు విరుచుకుపడ్డారు. కాసేపట్లోనే అంతా ముగిసింది. బంగారం తవ్వుకునేవారిలో కనీసం 22 మంది, సైనికుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ దేశ ప్రజాస్వామ్యం పుట్టింది అక్కడేనని చాలామంది గర్వంగా చెబుతారు. ఆ గర్వం న్యాయమైనదే. కానీ కథను అక్కడితో ఆపేయడం అన్యాయమని మా అభిప్రాయం.

తిరగబడినవారు ఎవరి దగ్గరా కూలికి పనిచేసేవారు కాదు. ఎవరి గుంత వారే తవ్వుకునేవారు. బంగారం దొరికినా దొరకకున్నా లైసెన్సు రుసుము కట్టాలి. మొదట్లో అది నెలకు 30 షిల్లింగులు. బల్లారట్‌లో బంగారం లోతున ఉండేది. నీళ్లు ఊరే బావిని నెలల తరబడి తవ్వితే తప్ప ఆ పొర తగలదు. ఈలోగా పోలీసుల తనిఖీలు. ‘జో! జో!’ అన్న హెచ్చరిక కేక గుడారాల మీదుగా సాగేది. అడుగున బురదలో ఉన్నవాడు పైకి ఎక్కి వచ్చి కాగితం చూపాలి. అది గుడారంలో ఉండిపోయిందంటే జరిమానా పడేది. ఇంతటి అవమానాన్ని ఎంతకాలమని సహిస్తారు?

వారు గెలిచారు. రాజద్రోహం కేసులో విచారణకు నిలిచిన 13 మందినీ జ్యూరీలు నిర్దోషులన్నాయి. లైసెన్సు పోయి, ఏడాదికి ఒక్క పౌండుతో తవ్వుకునే హక్కుపత్రం వచ్చింది. దానితోపాటు ఓటూ వచ్చింది. పోరులో చెయ్యి పోగొట్టుకున్న వారి నాయకుడు పీటర్ లేలర్ 1855లోనే శాసనమండలిలో అడుగుపెట్టాడు.

అయితే లైసెన్సు రద్దు చేయమన్న ప్రభుత్వ విచారణ సంఘమే చైనీయుల రాకను అడ్డుకోమని కూడా చెప్పింది. బల్లారట్ ఉన్న విక్టోరియా ప్రాంత ప్రభుత్వం రెండూ అమలు చేసింది. 1855 చట్టం ప్రకారం దిగే ప్రతి చైనీయుడి మీద 10 పౌండ్ల పన్ను, ఓడ బరువులో పది టన్నులకు ఒక్కరికే అనుమతి. దాంతో వేలమంది పొరుగున ఉన్న దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, 400 కిలోమీటర్లకు పైగా నడిచారు. దారిలో అరారట్ దగ్గర బంగారాన్ని కనుగొన్నదీ వారే. అయినా 1857లో బక్లాండ్ నది ఒడ్డున, 1861లో న్యూ సౌత్ వేల్స్‌లోని లాంబింగ్ ఫ్లాట్‌లో వారిని కొట్టి, దోచుకుని, తరిమారు. తరిమినవారు సాటి తవ్వకందారులే. ఇక బల్లారట్ నేల అసలు సొంతదారులైన వాదవురుంగ్ ప్రజల అనుమతిని లైసెన్సు రాసినవారూ అడగలేదు, దాన్ని కాల్చినవారూ అడగలేదు.

ఇది మనకు పరాయి చరిత్ర కాదు. గనుల దగ్గర బిగించిన ఆ గడియే 1901లో దేశమంతటికీ తెల్లవారి ఆస్ట్రేలియా విధానమై, భారతీయులనూ బయటే నిలబెట్టింది. 1973లో దాన్ని పూర్తిగా తొలగించాకే మనవారి పిల్లలకు మెల్‌బోర్న్ బడుల్లో పెద్ద సంఖ్యలో చోటు దక్కింది.

2017లో ఆనాటి చైనీయుల వారసులు రోబ్ నుంచి మెల్‌బోర్న్ దాకా మళ్లీ నడిచారు. విక్టోరియా ప్రీమియర్ (రాష్ట్ర ప్రభుత్వాధినేత) వారికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మంచి పని. ఆ క్షమాపణ బడి పుస్తకాల్లోకీ చేరాలి. తిరగబడినవారు ఎగరేసిన యురేకా జెండా ఉన్న పేజీలోనే పది పౌండ్ల పన్నూ ఉండాలి. సెలవుల్లో పిల్లలను బల్లారట్ చూపించే తెలుగు కుటుంబాలు ఆ చైనీయుల కథ చెప్పే అరారట్‌లోని గమ్ సాన్ మ్యూజియం దాకా కూడా తీసుకువెళ్లాలని కోరుతున్నాం.