రిలాక్స్ అవ్వడం తప్పనిసరి, హాజరు చూస్తారు

కంపెనీలకు ఉద్యోగుల క్షేమం పట్టదని ఆడిపోసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. పట్టకపోతే ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో చెప్పే వెబినార్‌ని సరిగ్గా లంచ్ టైములో ఎందుకు పెడతారండీ? పనివేళల్లో పెడితే పని పేరుకుపోతుంది, పేరుకుపోతే మళ్ళీ మీకే కదా టెన్షన్, అదంతా ఆలోచించే మీ తిండి టైము తీసుకున్నారు. కెమెరా ఆన్‌లో ఉండాలి, చివర్లో క్విజ్ కూడా ఉంటుంది. రానివాళ్ళ పేర్లు మేనేజరుకి వెళ్తాయి, ఎందుకు రిలాక్స్ అవ్వట్లేదో ఆయన సంజాయిషీ అడుగుతారు.

2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఇచ్చిన జవాబులు ముందేసుకుని, ధ్యానం క్లాసులకీ యాప్‌లకీ వెళ్ళినవాళ్ళు వెళ్ళనివాళ్ళకన్నా బాగున్నట్టేం కనబడలేదని తేల్చాడు. స్వచ్ఛంద సేవ ఒక్కటే కాస్త నయమట. పాపం ఆయన లెక్కలు చూశాడే గానీ మన వెల్‌నెస్ వీక్ పోస్టర్లు ఎంత బాగుంటాయో చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటని మాత్రం మన హెచ్ఆర్ వాళ్ళు తు.చ. తప్పకుండా పాటిస్తారు, కనీసం సగం. బర్నౌట్, అంటే పనితో ఒంట్లో మనసులో సత్తువంతా ఇంకిపోవడం, వ్యాధి కాదు, అదుపు చెయ్యకుండా వదిలేసిన పని ఒత్తిడి వల్ల వచ్చేది అని 2019లో ఆ సంస్థ చెప్పింది. వ్యాధి కాదు కాబట్టి సిక్ లీవ్ లేదు. రెండో ముక్క పాలసీ డాక్యుమెంటులో చోటు చాలక వదిలేశారు.

అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో ఇంకో లెక్క చెప్పింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి 35-40 గంటలు చేసేవాళ్ళకన్నా స్ట్రోక్ ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువని అంచనా. ఇది చదివి యాజమాన్యం కంగారుపడిపోయి వెంటనే చర్య తీసుకుంది. టైమ్‌షీట్‌లో 40కి మించి ఏ అంకె వేసినా ఇప్పుడు ఎర్రగా ఎర్రర్ వస్తుంది. మీరు 60 గంటలు చేసినా సరే, సిస్టమ్ ఒప్పుకోదు, మీ గుండె మీద దానికంత శ్రద్ధ!

ఫ్రాన్సులో 2017 నుంచి ఆఫీసు టైము అయ్యాక మెయిళ్ళు చూడకుండా ఉండే హక్కుని చట్టంలోనే పెట్టారు. మంచి మేనేజరు ఉంటే ఇలాంటి చట్టాలెందుకు చెప్పండి. రాత్రి పదకొండింటికి ఆయన పంపే మెసేజ్ చివర "తొందరేం లేదు, రేపు చూడొచ్చు" అని ఉంటుంది, మీరు చూశారని తెలిసేదాకా ఆయనకి నిద్ర పట్టదు, అంతే.

సెలవుల సంగతికొస్తే అన్‌లిమిటెడ్ లీవ్ అన్నారు, ఎన్ని కావాలంటే అన్ని! లెక్క లేని సెలవులకి మిగులు ఉండదు కాబట్టి, మానేసి వెళ్ళేటప్పుడు వాటికి డబ్బు ఇవ్వాల్సిన పని కూడా లేదు. తీసుకోవడానికి అడ్డేమీ లేదు, మీ పని ఎవరు చేస్తారో మీరే వెతికి పెట్టుకోవాలి, ఆ టీమ్‌లో మీరు ఒక్కరే ఉంటే అది మీ ప్లానింగ్ లోపం.

ఇంత చేసినా తృప్తి లేక ఈమధ్య మన మనసులో మాట తెలుసుకుందామని సర్వే పెట్టారు. పేరు రాయక్కర్లేదు, పూర్తిగా రహస్యం. డిపార్ట్‌మెంటు, హోదా, వయసు, చేరిన సంవత్సరం, పైఅధికారి పేరు ఇస్తే చాలు. అందరూ దాదాపు ఒకటే రాశారు: పని ఎక్కువ, మనుషులు తక్కువ. యాజమాన్యం దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుని, పనిభారం తగ్గించే కమిటీ వేసింది. సమస్య బాగా తెలిసినవాళ్ళే ఉండాలని అందరికన్నా ఎక్కువ పని ఉన్నవాళ్ళని సభ్యులుగా వేశారు. రిపోర్టు సోమవారం ఉదయానికల్లా కావాలి, శనాదివారాలు ఎలాగూ ఖాళీయే కదా అన్నారు.