చేపపిల్లల లెక్క సంఘాల చేతికే ఇవ్వాలి

శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున అలివి వల లాగి విప్పితే గుండె తరుక్కుపోతుంది. దోమతెరలాంటి ఆ సన్నకన్ను వలలో చిటికెన వేలంత బొచ్చె, శీలావతి పిల్లలు కుప్పగా పడి ఉంటాయి. రెండేళ్లు ఆగితే కిలోల్లో తూగాల్సిన చేప ఇసుకలో ఎండి బస్తాకెక్కుతోంది. అలివి వలపై నిషేధం ఉంది, దాడులూ జరుగుతాయి. అయినా కాలిన వల స్థానంలో కొత్త వల దిగుతూనే ఉంది. మెలికలు తిరిగిన ఇంత తీరాన్ని కొద్దిమంది సిబ్బంది కాయలేరు. రోజూ పుట్టి వేసుకుని నీళ్లమీద ఉండేది మత్స్యకారులే. మత్స్యశాఖ అండతో కాపలా అధికారాన్ని వారి సహకార సంఘాలకు రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం. నీళ్లమీద వల దొరక్కపోయినా, రోజుల తరబడి ఒడ్డున ఆరబోసే చేప కంటపడక మానదు. ఆ కబురు ముందు అందేది పక్క ఊరి సంఘానికే.

మత్స్యశాఖ జలాశయంలో చేపపిల్లలు వదిలేటప్పుడూ సంఘం దగ్గరుండాలి. జలాశయంలో వదిలే పిల్ల 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకంటే చిన్నదైతే వాలుగలాంటి వేటచేపకు మేతే. లెక్క గ్లాసుతో తీస్తారు. ఒక గ్లాసులోని పిల్లలను లెక్కపెట్టి, పోసిన గ్లాసుల సంఖ్యతో గుణిస్తారు. మొదటి గ్లాసు కిక్కిరిసి, తర్వాతి వాటిలో నీళ్లే ఎక్కువైతే లక్ష పిల్లలు కాగితంమీదే ఉంటాయి. మధ్యలో ఏ గ్లాసునైనా ఆపి మళ్లీ లెక్కించే హక్కు సంఘానికి ఉండాలి. సంఘం సంతకం లేనిదే బిల్లు కదలకూడదు. గేట్లు ఎత్తి ఉండగా వదిలిన పిల్ల వరదతోపాటే దిగువకు పోతుంది, కనుక గేట్లు మూశాకే వదలాలి. పిల్లలను తెచ్చిన సంచిని పావుగంటసేపు నీటిపై తేలనిచ్చి, లోపలి నీరు బయటి వేడికి వచ్చాకే మూతి విప్పాలి. తొందరపడితే పిల్ల తట్టుకోలేదు.

వదిలిన పిల్లల మీదే ఎంతకాలం ఆధారపడతాం? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. తుంగభద్ర, కృష్ణల్లో ఎర్రనీరు దిగినప్పుడు ఎదురీది పైకి పోతాయి. కిలో బరువు శీలావతిలో 2 లక్షల దాకా గుడ్లుంటాయి. జులై, ఆగస్టుల్లో ఆ దారికి అడ్డంగా వల కడితే వచ్చే ఏళ్ల చేపను కడుపులోనే చంపినట్టు. ఆ రెండు నెలలు వేట ఆపాలి. సంగమేశ్వరం వైపు లోతు మడుగుల్లో కొన్నింటిని ఏడాది పొడవునా వదిలేయాలి. ఏ మడుగన్నది సంఘాలే తేల్చాలి. పులికాట్ సరస్సులో 'పాడు' కట్టుబాటు కింద ఎవరి వల ఎక్కడన్నది వంతులవారీగా నిర్ణయించుకునేది మత్స్యకారులే కదా!

వేట ఆపమంటే పొయ్యి వెలిగే దారీ చూపాలి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధానికి మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. వెనుక జలాల వారికీ అదే న్యాయం జరగాలి. వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు ఖాళీ చేతులతో రెండు నెలలు కూర్చోలేడు.

ఒక గట్టున దాడి జరిగితే అలివి వల రాత్రికి రాత్రే అవతలి గట్టుకు చేరుతుంది. నంద్యాల, నాగర్‌కర్నూలు జిల్లాల సంఘాలు, అధికారులు వచ్చే వరదలోపే ఒకచోట కూర్చుని, రెండు గట్లకూ ఒకే వల కన్ను కొలత, ఒకే విరామ తేదీలు ఖరారు చేయాలి.