పట్టుకొచ్చిన లెక్క సరే, నిలబెట్టిన లెక్క ఏదీ?

జనవరి వస్తే ‘ఆపరేషన్ స్మైల్’, జూలై వస్తే ‘ఆపరేషన్ ముస్కాన్’. నెల తిరిగేసరికి ఎంతమంది బాలకార్మికులను కాపాడారో, అందులో ఆడపిల్లలెందరో, పొరుగు రాష్ట్రాల వారెందరో తెలంగాణ పోలీసులు అంకెలు చదువుతారు. పత్రికలు అచ్చేస్తాయి, మేమూ వేస్తాం. కిందటిసారి కాపాడిన పిల్లల్లో ఈరోజు బడిలో ఎందరున్నారన్న అంకె మాత్రం ఆ ప్రకటనల్లో ఉండదు. అడిగితే అది మరో శాఖ పని అంటారు. ఆ శాఖనడిగితే స్వచ్ఛంద సంస్థలు చూసుకుంటున్నాయంటుంది.

నిజమే, చూసుకుంటున్నది అవే. ఏ చేయూతతో అన్నదే ప్రశ్న.

దాడి ఒక్క పూట పని. ఆ తర్వాతిదే అసలు పని. బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లో పిల్లవాడిని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అక్కడికి యజమాని ఆధార్ కార్డుతో దిగుతాడు, అందులో పద్దెనిమిది నిండి ఉంటాయి. చట్టంలోని 94వ సెక్షన్ అడిగేది బడి రికార్డు, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడు వైద్య పరీక్ష. ఆ జాబితాలో ఆధార్ లేదు. ఈ సంగతి తెలిసి గట్టిగా అడిగే మనిషి పక్కన లేకపోతే కేసు అక్కడే నీరుగారిపోతుంది.

తర్వాతిది ఇంటి పరిస్థితులపై విచారణ నివేదిక. బస్తీకి వెళ్లి, తండ్రి ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో, ఆ అప్పు పిల్లవాడి జీతంలోంచి ఎలా తెగుతోందో రాబట్టాలి. తీరుబడి లేని సిబ్బంది ‘తల్లిదండ్రులు పేదలు, కౌన్సెలింగ్ ఇచ్చాం’ అన్న ఒకే వాక్యాన్ని అందరికీ రాసిపారేస్తే ఏమవుతుంది? హామీ పత్రంపై వేలిముద్ర వేయించుకుని పిల్లవాడిని అప్పగిస్తారు. అప్పు అలాగే ఉంటుంది, అప్పిచ్చినవాడు గుమ్మంలోనే ఉంటాడు. కుర్రాడు రెండు వీధుల అవతల మరో కార్ఖానాలో తేలతాడు. వచ్చే ఏడాది అతన్నే మళ్లీ కాపాడి, మళ్లీ లెక్కలో వేసుకోవచ్చు.

డబ్బు లేదనడానికి వీల్లేదు. వెట్టి నుంచి విడిపించిన వారికి తక్షణ సాయంగా రూ.30 వేల దాకా, పిల్లలకు పునరావాసం కింద రూ.2 లక్షలు కేంద్ర పథకంలో ఉన్నాయి. అయితే వెట్టి నుంచి విడిపించినట్టు రెవెన్యూ అధికారి విడుదల పత్రం ఇవ్వాలి, పెద్ద మొత్తానికి కేసు కూడా తేలాలి. దాడి రోజున వెట్టి కేసు పెట్టకుండా కనీస వేతనాల కింద జరిమానా కట్టించి సరిపెడితే ఆ తలుపు మూసుకున్నట్టే. యజమాని నుంచి వసూలు చేసే జరిమానాకు తోడు ప్రభుత్వం తలా రూ.15 వేలు పునరావాస నిధిలో వేయాలని బాలకార్మిక చట్టం చెబుతోంది. బాలల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4 వేల స్పాన్సర్‌షిప్ ఉంది. దానికి ఆదాయ పరిమితి పల్లెలో ఏడాదికి రూ.72 వేలు, పట్నంలో రూ.96 వేలు. పాలమూరు నుంచి వలసొచ్చి హైదరాబాద్ గుడిసెలో ఉన్న తల్లి ఆదాయ పత్రం కోసం సొంత మండలం తహసీల్దారు దాకా వెళ్లాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, జిల్లా కమిటీ ఆమోదం తెచ్చుకోవాలి. రెండు రోజుల కూలి పోగొట్టుకుని ఆమె తిరగలేదు. ఆమె వెంట తిరిగేది సంస్థ కార్యకర్త, చాలాసార్లు సొంత బస్సు ఛార్జీతో.

ఇక బడి. పన్నెండేళ్లవాడిని వయసుకు తగ్గ తరగతిలో, అంటే ఏడులో, చేర్చుకోమంటుంది విద్యాహక్కు చట్టం. గుణింతాలు రాని పిల్లవాడు ఏడో తరగతి సైన్సు పుస్తకం ముందు నెల కూర్చుంటాడేమో, రెండో నెల రాడు. అందుకే మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టం నిబంధనలు చెబుతున్నాయి. ఈ పద్ధతి సచివాలయంలో పుట్టలేదు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి.ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, పని మాన్పించిన పిల్లలను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి క్యాంపులు నడిపి చూపించింది, దానికి సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక పథకం తొలి విడతలోనే మార్కాపురం పలకల పరిశ్రమ, జగ్గంపేట పెంకుల పరిశ్రమ ఉన్నాయి. ఆ పథకం కింద పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక కేంద్రాల్లో చాలా వాటిని నడిపింది స్వచ్ఛంద సంస్థలే. అక్కడి పిల్లలకు నెలకు రూ.400 ఉపకార వేతనం ఉండేది. 2021లో పథకాన్ని బడి చదువుల కేంద్ర పథకమైన సమగ్ర శిక్షలో కలిపేశారు. 2023లో ఆపదలో ఉన్న పిల్లల కోసం నడిచే 1098 హెల్ప్‌లైన్‌ను సంస్థల చేతుల్లోంచి ప్రభుత్వం తీసుకుంది. పని లాక్కున్నారు, పనిచేసే చేతులను మాత్రం అనధికారికంగా వాడుకుంటూనే ఉన్నారు.

బోర్డు తగిలించుకుని నిధులు మింగిన సంస్థలు ఉన్నాయి, కాదనం. వాటికి ఆడిట్ ఉంది, తనిఖీ ఉంది, రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఉంది. దొంగల పేరు చెప్పి దొరలకు కూడా గ్రాంటు ఆపడం ఏ న్యాయం? బాలల సంరక్షణ గృహంలో ఒక్కొక్కరికి నెలకు ఇచ్చేది రూ.3 వేలు. రోజుకు వంద. మూడు పూటల తిండి, సబ్బు, నూనె, బట్టలు, జ్వరమొస్తే మందు, అన్నీ అందులోనే. అదీ నెలల తరబడి రాకపోతే నిర్వాహకులు కిరాణా కొట్టులో ఖాతా పెంచుకోవాలి, లేదా పిల్లలను తగ్గించుకోవాలి. రెండోది జరిగినప్పుడు ఏ ప్రకటనా రాదు.

ఇకపై జూలైలో అంకెలు చదివే ముందు జనవరి పిల్లల బడి హాజరును పేర్లు తీసేసి జిల్లాలవారీగా బయటపెట్టాలి. విడుదల పత్రాలెన్ని ఇచ్చారో, స్పాన్సర్‌షిప్ ఎందరి ఖాతాల్లో పడిందో పక్కనే రాయాలి. కేసు వెంట తిరిగే కార్యకర్తకు నెలజీతం, ఛార్జీలు బడ్జెట్‌లో చూపాలి. కూలి ఇవ్వకుండా పని చేయించుకుంటున్నారని యజమానులపై కేసులు పెట్టే అధికారులే, ఈ కార్యకర్తల చేత ఉత్తిపుణ్యానికి చాకిరీ చేయించుకుని ఫొటోలో పక్కన నిలబెట్టి పంపేస్తున్నారు. సిగ్గుపడాల్సిన సంగతి ఇది!